ఎవరైనా, ఏ పనికైనా

మా అమ్మను రోజుకు నలభై వేల మంది తిడతారు. అంతా చట్టప్రకారమే. ఒక్కరి మీద కూడా కేసు పెట్టలేను. ఆ హక్కు వాళ్ళకు రాసిచ్చింది నేనే.

అమ్మ పేరు సన్యాసమ్మ. నోరు విప్పితే తప్పయిపోతుందని ముప్పై ఐదేళ్ళు భయపడుతూ కాపురం చేసిన మనిషి. నాన్న అప్పలస్వామి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. యంత్రాల హోరులో అరిచి అరిచి ఆ గొంతే ఇంటికీ తెచ్చుకున్నాడని చిన్నప్పుడు నన్ను నేను సముదాయించుకునేదాన్ని. ఒట్టి అబద్ధం. పక్కింటివాళ్ళతో వెన్నపూసలా మాట్లాడేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా అమ్మదే తప్పు, వాన పడి బస్సు ఆలస్యమైనా అమ్మదే తప్పు. అన్నిటికీ అమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "సరే, తప్పు నాదే."

అరవయ్యో ఏట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. నేను విశాఖపట్నంలో సీతమ్మధారకు, నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. కింద నా ఇల్లు, పైన మా ల్యాబు. అమ్మ ఎడమచేత్తో కుర్చీ చెక్క మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. ఏడాదిన్నరపాటు మా ఇద్దరికీ ఉన్న భాష అంతే.

అమ్మ కోసమే 'పలుకు' తయారైంది. చెవి వెనక అతుక్కునే బిళ్ళను మా ల్యాబులో పనిచేసే నస్రీన్ చేసింది. నాకంటే పదేళ్ళు చిన్న, చేతిలో పనితనం ఉన్న పిల్ల. బిళ్ళలో నడిచే ప్రోగ్రాం నేను రాశాను. మెదడులో మాట పుట్టేచోటు నుంచి సంకేతాలు పట్టుకుని, ఆ మనిషి గొంతులోనే బయటికి వినిపిస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో మాటతీరు ఉంటుంది కాబట్టి ముందు అది నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నదంతా ఒక ఫైల్లో ఉంటుంది. దాన్ని మేం 'ఒరవడి' అనేవాళ్ళం. అమ్మ ఒరవడి తయారవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పాత ఫోన్లలో దొరికిన ఆమె మాటలన్నీ ఏరి పోశాం. మొదటిసారి బిళ్ళ పెట్టిన రోజు మేమంతా ఊపిరి బిగబట్టి చుట్టూ నిలబడితే, అమ్మ "నీలా, ఫ్యాను తగ్గించు" అంది. నా పేరు నీలవేణి. ఏడాదిన్నర తర్వాత ఆ పిలుపు విన్నాను. నస్రీన్ ఫ్యాను తగ్గించబోయి కంగారులో పెంచేసింది.

రెండో నెలలో నాన్న వచ్చాడు. ఆదివారం పొద్దున, చేతిలో అరటిపళ్ళు.

"ఇక్కడేటి చేస్తావు? పద, ఇంటికి పోదాం. వంటకి మనిషిని పెట్టాను. నువ్వూరికే కూచుంటే చాలు" అన్నాడు.

నా చేతిలోని తెరమీద అమ్మ మెదడు సంకేతాల గీత ఎగిసెగిసి పడుతోంది, పలుకు మాత్రం ఆగి ఉంది. నేను రాసింది అలాగే. మనిషి ఎంతసేపు తటపటాయిస్తే అంతసేపూ కాచుకుంటుంది. నాలుగు సెకన్లు గడిచాయి.

"వద్దు" అంది అమ్మ.

నాన్నతో ఆ మాట అనడం జన్మలో అదే మొదటిసారి. నాన్న అరటిపళ్ళు కూడా ఇవ్వడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. నేను మేడ మీదకు పరిగెత్తి ఏడ్చాను. "ఏంటక్కా, పాడైందా?" అంది నస్రీన్. "లేదే, బాగైంది" అన్నాను. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని ఆ నాలుగు సెకన్లు అని ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని చెడగొట్టిందీ నేనే.

పలుకును నేను స్వేచ్ఛా లైసెన్సు కింద లోకానికి వదిలేశాను. నా సాఫ్ట్‌వేర్ ఏదీ నేను తాళం వేసి దాచుకోలేదు. ఆ విషయంలో నాకు పొగరు కూడా. ఒకసారి ఒక పరికరాల కంపెనీ మా ప్రోగ్రాం వాడుకుని మా పేర్లు చెరిపేస్తే, ఆరు నెలలు వెంటపడి పేర్లు తిరిగి పెట్టించి, క్షమాపణ రాయించి, ఆ కాగితం ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. కాలేజీల వాళ్ళు పిలిచి ఉపన్యాసాలు చెప్పించుకునేవారు.

అలాంటి ఒక సభలో వేళ్ళు మడిచి చెప్పాను. "ఎవరైనా వాడొచ్చు, ఏ పనికైనా వాడొచ్చు. లోపల ఏముందో చూడొచ్చు. మార్చుకోవచ్చు. పదిమందికీ పంచొచ్చు. షరతులు రెండే. మార్చినదాన్ని పంచితే ఆ మార్పులు కూడా ఇవే హక్కులతో అందరికీ ఇవ్వాలి. ముందు రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు. ఒకసారి ఇచ్చాక నేను కూడా వెనక్కి తీసుకోలేను."

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, చెడ్డవాళ్ళు చెడ్డపనికి వాడితే?"

"నచ్చినవాళ్ళను ఏరి ఇస్తే అది పేరంటం అవుతుంది, స్వేచ్ఛ అవదు" అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ అమ్మాయి కూర్చుంది. నేను ఇంకా ఆమె వైపే చూసి నవ్వాను, గెలిచినట్టు.

మా ల్యాబులో ఒక ఆచారం ఉంది. సాయంత్రం ఐదింటికి ఒక చిన్న ప్రోగ్రాం దానంతటదే లేచి, మా ఫోల్డర్లో ఉన్న ప్రతి ఫైలుకూ నెత్తిన లైసెన్సు నోటీసు అతికించి, అన్నిటినీ నెట్‌లో అందరికీ కనపడేచోట పెట్టేస్తుంది. మేం దాన్ని బొట్టు పెట్టడం అనేవాళ్ళం. బొట్టు లేని ఫైలు బయటికి పోతే దాని మీద ఎవరికి ఏ హక్కు ఉందో తేలక జనం ముట్టుకోరు. అందుకని ఒక్క ఫైలూ తప్పిపోకుండా నేనే దాన్ని అంత గట్టిగా రాశాను. ఎవరి ఫోల్డరైతే వాళ్ళ పేరే నోటీసులోకి తీసుకుంటుంది.

ఒరవడులు వేరే చోట, తాళం వేసి ఉంచాలి. అమ్మతోపాటు ప్రయోగంలో పలుకు వాడుతున్న మిగతా ఐదుగురివీ అలాగే ఉంచాం. అమ్మది మాత్రం ఏదో పరీక్ష కోసం రెండు రోజులని, ఆమె పేరున్న ఫోల్డరుతో సహా ల్యాబు ఫోల్డర్లోకి తెచ్చాను. మా అమ్మదే కదా అని. రెండు రోజులు రెండు నెలలైంది. అన్నాళ్ళూ ఐదింటికి బొట్టు పడుతూనే ఉంది. 'కాపీహక్కు: సన్యాసమ్మ, విశాఖపట్నం. దీన్ని ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.' తర్వాత ఎప్పుడో గమనించి తీసేశాను. ఎవరు చూసుంటారులే అనుకున్నాను.

కొన్ని వారాలకు ఒక సవరణ వచ్చింది. మా పద్ధతిలో అది మామూలే. లోకంలో ఎవరైనా పలుకును బాగుచేసి మాకు పంపొచ్చు. పరీక్షలు పాసైతే, నేను సరేనంటే, అసలు పలుకులో కలిసిపోతుంది. ఇది పదకొండు లైన్లు. రాసినవాళ్ళ వివరణ మర్యాదగా ఉంది. 'మాట్లాడేముందు వచ్చే అనవసరపు ఆలస్యాన్ని ఇది తొలగిస్తుంది.' పరీక్షలన్నీ పాసయ్యాయి. పలుకు వేగం మూడో వంతు పెరిగింది. భోజనానికి లేచేముందు ఆమోదించి, కింద 'చక్కటి పని, ధన్యవాదాలు' అని రాశాను. సాయంత్రానికి ఆరుగురి బిళ్ళలకూ కొత్త పలుకు చేరింది. ఐదుగురు బాగుందన్నారు. అమ్మను కూడా అడిగాను. "సరే" అంది.

పది రోజులకు నాన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి పళ్ళు లేవు, గొంతు ఉంది. "నలుగురూ ఏటనుకుంటున్నారో తెలుసా? వస్తావా రావా?"

"సరే, వస్తాను" అంది అమ్మ, తడుముకోకుండా.

"అమ్మా, నిజంగానా? నీకిష్టమేనా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "సరే" అంది. బట్టలు సర్దుతూ ఆమె మొహంలోకి చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి. వయసు మీద పడ్డాక మనసు మెత్తబడుతుంది కాబోలు, క్షమించిందనుకున్నాను. కొంచెం తేలికపడ్డాను కూడా. ఆ మాట దాచను. రెండేళ్ళుగా ఒంటరిగా చేసిన చాకిరీ అది.

నాన్న ఉండేది గాజువాకలో, మూడో అంతస్తు ఫ్లాటు. నెల తర్వాత చూడ్డానికి వెళ్ళాను. అమ్మ చక్రాల కుర్చీలో ఉంది. పక్క ఫ్లాటు దంపతులు వచ్చి కూర్చున్నారు. నాన్న మంచి హుషారుగా ఉన్నాడు.

"ఏమే, ముప్పై ఐదేళ్ళు నా ప్రాణం తీసిందెవరు?"

"సరే, తప్పు నాదే."

"చూశారా? ఇప్పుడొచ్చింది బుద్ధి" అన్నాడు వాళ్ళతో. వాళ్ళు ఇబ్బందిగా నవ్వారు. "మళ్ళీ చెప్పు, మా నీలకి వినపడలేదు."

"సరే, తప్పు నాదే."

నాకు కంపరం పుట్టింది. కానీ ఆమె గొంతు, ఆమె మాట. ఆమె ఎంచుకున్నది కాదనడానికి నేనెవర్ని అనుకున్నాను. నా సిద్ధాంతం అలాంటిది మరి. అప్పుడే అమ్మ ఎడమచేయి చూశాను. కుర్చీ చెక్క మీద వేళ్ళు కొట్టుకుంటున్నాయి. టక్ టక్. కొంచెం ఆగి, టక్ టక్. మళ్ళీ టక్ టక్.

"అదేంటి చెయ్యి?"

"వణుకు. వచ్చినకాడ్నుంచి అదే. వినలేక చస్తన్నాను" అన్నాడు నాన్న.

మర్నాడు డాక్టరుకు చూపించాను. పక్షవాతం వచ్చినవాళ్ళకు వణుకు రావడం ఉందని మాత్రలు రాశాడు. నేనే కొని, నేనే డబ్బాల్లో సర్ది, ఏ పూట ఏది వెయ్యాలో చీటీ రాసి అంటించి వచ్చాను. తర్వాతి నెల వెళ్ళేసరికి చెయ్యి ఒళ్ళో కదలకుండా పడి ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం నస్రీన్ ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"అక్కా, మా ఆడపడుచు ఫోన్లో ఉంది ఇది. గొంతు విను."

యాప్ పేరు 'మనసు తేలిక'. తెరమీద ఒక పెద్దావిడ బొమ్మ. బొమ్మను నొక్కిపట్టి ఎంతసేపు కావాలంటే అంతసేపు తిట్టొచ్చు. కోపం బయటికి పోతే ఇంట్లోవాళ్ళు బాగుంటారట. నమూనా ఒకటి పెట్టారు. ఒక మగగొంతు అరుస్తోంది. "దరిద్రపు మొహమా, ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"సరే బాబూ, తప్పు నాదే. ఇంకోసారి జరగదు."

అమ్మ. మాట చివర ఆమెకు అలవాటైన ఆ చిన్న దగ్గుతో సహా అమ్మ. కింద వాడినవాళ్ళ అభిప్రాయాలు. 'మిగతా యాప్‌లలో మరమనిషిని తిట్టినట్టుంటుంది. ఈవిడ నిజంగా బాధపడుతుంది. అయిదు నక్షత్రాలు.' 'దీనివల్ల మా ఆవిడ మీద అరవడం తగ్గింది.' 'ఏడ్చే సదుపాయం కూడా పెట్టగలరు.' రోజుకు నలభై వేల మంది. అడుగున పొందికగా, 'ఒరవడి కాపీహక్కు: సన్యాసమ్మ, విశాఖపట్నం.' పేరు చెరపలేదు.

రెండు రోజులు దొంగను వెతికినట్టు వెతికాను. ఏదో ఒకచోట లైసెన్సు మీరి ఉంటారు, పట్టుకుంటే చాలు, ఆ కంపెనీని కోర్టుకు ఈడుస్తాను. ప్రోగ్రాం మొత్తం పెట్టారు. మార్పులన్నీ పెట్టారు, తేదీలతో సహా. లైసెన్సు పాఠం పూర్తిగా ఉంది. పేర్లన్నీ ఉన్నాయి. ఇంత పద్ధతిగా నడుచుకున్న కంపెనీని నేను ఇంతవరకు చూడలేదు.

లాయరు వెంకటరత్నంగారు కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీశారు. "మీ అమ్మగారి వేలిముద్ర ఉంది కదమ్మా. 'ప్రయోగంలో నా నుంచి తయారైనదంతా ఇదే లైసెన్సు కింద ఇస్తున్నాను' అని. ఈ ఫారం ఎవరు రాశారు?"

"నేనే."

"గట్టిగా రాశారు" అన్నారాయన. మెచ్చుకోలే అది. ఆ బొటనవేలు పట్టుకుని ఇంకు పూసింది కూడా నేనే అని ఆయనకు చెప్పలేదు. ఆ రోజు అందులో ఏముందో చదివి వినిపించబోతే, "నువ్వు చెప్పాక ఇంకేటి" అన్నట్టు అమ్మ ఒకసారి తట్టింది.

ల్యాబుకు వచ్చి వాళ్ళ మార్పులు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. రంగులు, బొమ్మలు, ఎడాపెడా చిల్లర మార్పులు. తర్వాత ఒకటి ఎక్కడో చూసినట్టు అనిపించింది. పదకొండు లైన్లు. వాళ్ళు తమ కోసం రాసుకుని, షరతు ప్రకారం బయటపెట్టి, మర్యాదకు మాకూ పంపిన సవరణ. కింద నా అక్షరాలు అలాగే ఉన్నాయి. 'చక్కటి పని, ధన్యవాదాలు.'

ఈసారి లైను లైనూ చదివాను. మాట్లాడే మనిషి అర సెకను కంటే ఎక్కువ తటపటాయిస్తే, ఇక కాచుకోకు. ఆ సందర్భంలో ఈ మనిషి జన్మంతా ఎక్కువసార్లు అన్న మాట ఏదో ఒరవడిలో చూసి, అది పలికెయ్.

మిగతా ఐదుగురికీ అది మేలే చేసింది. వాళ్ళు మాట దొరక్క ఆగేవాళ్ళు. అమ్మ కాదనడానికి ఆగేది. కాదనే ధైర్యం కూడగట్టుకోవడానికి ఆమెకు నాలుగు సెకన్లు కావాలి. అర సెకనులో ఆమె ఒరవడిలో దొరికే మాట ఒకటే. ముప్పై ఐదేళ్ళ మాట. మా పరీక్షలు వేగాన్ని కొలుస్తాయి, స్పష్టతను కొలుస్తాయి. ఈ మనిషి వద్దనగలదా అని అడిగే పరీక్ష నేను రాయలేదు.

గాజువాక చేరేసరికి మూడైంది. నాన్న టీవీ చూస్తున్నాడు. నేను అమ్మ కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను.

"అమ్మా, పాత పలుకు పెట్టేస్తున్నాను. పెట్టనా?"

"సరే."

ఏమడిగినా అదే వస్తుంది. ఆమెను అడిగి చెయ్యగలిగింది ఇక ఏదీ లేదు.

"ఏటి చేస్తున్నావే? బాగున్న మనిషిని పాడుచేస్తావా?" నాన్న లేచాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆయన నా నెత్తిమీద అరుస్తూనే ఉన్నాడు.

"అమ్మా. ఈ ఇంటికి రావడం నీకిష్టమేనా?"

పలుకు ఆగింది. గీత ఎగిసింది, పడింది, ఎగిసింది. నేను లెక్కపెట్టలేదు.

"వద్దన్నాను" అంది అమ్మ. గొంతు ఆమెదే, కానీ అంత తాపీగా నేనెప్పుడూ వినలేదు. "ప్రతిసారీ వద్దనే అన్నాను. నా గొంతు 'సరే' అనేది. నాకే వినపడేది."

"అమ్మా..."

"చెక్క మీద తట్టాను. రెండేసి తట్టాను. నీకు తెలుసు కదా అది." చాలాసేపు ఆగింది. "నువ్వు మాత్రలు తెచ్చావు."

నాన్న నోరు తెరిచాడు. అమ్మ ఆయనవైపు చూడనేలేదు. నన్నే చూస్తోంది.

"ఇది తీసెయ్."

"బాగుచేశానమ్మా. ఇప్పుడు నీ మాటే వస్తుంది. నీ మాటే..."

"మళ్ళీ మారదని చెప్పగలవా?"

అందరూ మార్చుకోవచ్చు అన్నదే నా గొప్ప.

"తీసెయ్ నీలా."

చెవి వెనక వేలు పెట్టి లాగితే బిళ్ళ చిన్న చప్పుడుతో ఊడివచ్చింది. కింద చర్మం తెల్లగా, మెత్తగా ఉంది. ఆ సాయంత్రమే ఆమెను కుర్చీతో సహా దింపించి, కారులో ఇంటికి తెచ్చేసుకున్నాను. నాన్న బాల్కనీ నుంచి అరుస్తూనే ఉన్నాడు, వీధంతా వినపడేలా.

ఆ పదకొండు లైన్లనూ తీసేసి, అలా ఎందుకు చేశానో వివరంగా రాసి, అందరికీ కనపడేలా పెట్టాను. మనిషి ఆగితే కాచుకోవాలి అని రాశాను. కంపెనీకి విడిగా కూడా పంపాను. రెండో రోజే జవాబు వచ్చింది. 'మీ సవరణ పరిశీలించాం. మా అవసరానికి పాతదే సరిపోతుంది. చక్కటి పని, ధన్యవాదాలు.' తీసుకోవడం వాళ్ళ హక్కు. తీసుకోకపోవడం కూడా.

మాత్రలు మానేశాక అమ్మ వేళ్ళు మెల్లగా మేలుకున్నాయి. నెల పట్టింది. ఇప్పుడు ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. కాఫీ కావాలా, ఒకటి. కిటికీ మూసేదా, రెండు. అంతకుమించి నాతో ఏమీ చెప్పదు. చెప్పాలనుకున్నట్టూ కనపడదు. కాలేజీలవాళ్ళు పిలుస్తున్నారు, నేను వెళ్ళడం లేదు. ఆ వెనక వరస అమ్మాయి పేరైనా కనుక్కోలేదు.

నిన్న పొద్దున ల్యాబులో ఎవరూ లేరు. ఆ యాప్ నా ఫోన్లో పెట్టుకున్నాను. బొమ్మను నొక్కిపట్టాను. తిట్టడానికి కాదు.

"అమ్మా, నన్ను క్షమిస్తావా?"

"సరేలేమ్మా, తప్పు నాదే" అంది. అర సెకను కూడా పట్టలేదు.

ఫోను బల్ల మీద పెట్టేసి కిందికి దిగాను. అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని అదే మాట అడిగాను. ఆమె చెయ్యి లేచి గాలిలో ఆగింది. ఆగింది, ఆగింది. ఈసారి కాచుకున్నాను.

రెండుసార్లు తట్టింది.